ముట్టుకోవడం వేరు, నొక్కడం వేరు

పోయిన ఆదివారం అమ్మతో మాట్లాడుతుంటే నాలుగుసార్లు కాల్ కట్టయింది. సిగ్నల్ బాగానే ఉంది, తప్పు నా చెవిది. కొత్తగా కొన్న ఇయర్‌బడ్స్‌లో కుడివైపుది కాస్త వదులు, మాట్లాడుతుంటే జారుతున్నట్టు ఉంటుంది, నేనేమో అలవాటుగా వేలితో లోపలికి నెడతా, అదేమో ఓహో రెండుసార్లు తట్టాడు, ఫోన్ పెట్టేయమంటున్నాడు అనుకుని పెట్టేస్తుంది. నాలుగోసారి అమ్మకి ఒళ్లు మండింది. "ఏరా, మాట్లాడ్డం ఇష్టం లేకపోతే లేదని చెప్పు, ఊరికే పెట్టేస్తావేంటి" అంది. చెవిలోది సర్దుకున్నానమ్మా అంటే నమ్మే మాటేనా అది.

ఆ చిరాకులో అల్మారా పైఅరలో ఉన్న బిస్కెట్ల డబ్బా దింపా. అందరి ఇళ్లలో లాగే దాంట్లో బిస్కెట్లు తప్ప అన్నీ ఉంటాయి. దేనివో తెలియని చార్జర్లు, ఆగిపోయిన వాచీ, దారపుండలు, వాటికింద నా పాత ప్లేయర్లు. నాన్నది ఒక క్యాసెట్ వాక్‌మన్ (సోనీది కాదులెండి, అప్పట్లో అన్నిటినీ వాక్‌మన్ అనే అనేవాళ్లం), డల్లాస్ నుంచి వస్తూ మా బావ తెచ్చిన 30 జీబీ ఐపాడ్, ఒక శాన్‌డిస్క్ శాన్సా క్లిప్, ఇంకా కోఠిలో కొన్న ఒక టచ్ ప్లేయర్. ఆ చివరిదాని సంగతి తర్వాత చెప్తా, దాని మీద నాకింకా కోపం పోలేదు.

వాక్‌మన్ చేతిలోకి తీసుకోగానే బొటనవేలు దానంతటదే ప్లే మీట దగ్గరికి పోయింది. ఎన్నేళ్లయిందో దాన్ని పట్టుకుని. లోపల సెల్స్ లేవు, అయినా నొక్కితే టక్కుమని దిగి అక్కడే ఆగింది. ఆ టక్కు ఊరికే వచ్చేది కాదు, క్యాసెట్ ప్లేయర్‌లో ప్లే నొక్కామంటే మన వేలి బలమే లోపల హెడ్‌నీ దాని పక్కన రబ్బరు రోలర్‌నీ తోసి టేపుకి ఆనిస్తుంది, అందుకే మీట అంత బిగువుగా ఉండేది. దిగిన మీట దిగినట్టే ఉంటుంది కాబట్టి చీకట్లో తడిమినా పాట నడుస్తోందా ఆగిందా అని తెలిసిపోయేది. మాదాంట్లో సైడు అయిపోగానే మీట పైకి ఎగిరేది. రాత్రి దుప్పట్లో వింటూ వింటూ సగం నిద్రలో ఆ టక్కు వినపడితే, సైడు అయిపోయిందన్నమాట అనుకుని, క్యాసెట్ తిప్పి పెట్టడానికి బద్ధకమేసి అలాగే పడుకునేవాణ్ణి.

అసలు సోనీది 1979లో వచ్చింది కదా, టీపీఎస్-ఎల్2, దాంట్లో ఒక నారింజరంగు బటన్ ఉండేది, అది నొక్కి పట్టుకుంటే పాట సౌండ్ తగ్గి, బయటివాళ్ల మాట మైకులోంచి చెవిలోకి వచ్చేది. ఇవాళ ఇయర్‌బడ్స్ డబ్బా మీద ట్రాన్స్‌పరెన్సీ మోడ్ అని పెద్ద అక్షరాలతో వేసుకునేది ఇదే మరి. అప్పుడు దానికో బటన్ ఉండేది, ఎక్కడుందో వేలికి తెలిసేది. ఇప్పుడు చెవి మీద ఎన్ని సెకన్లు వేలు పెట్టి ఉంచాలో గుర్తుపెట్టుకోవాలి.

అలాగని పాతవన్నీ బంగారం అని చెప్పను. సౌండ్ చక్రం తిప్పితే చెవుల్లో కరకరమని జొన్నరొట్టె నమిలినట్టు వినపడేది, లోపల కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరితే వచ్చే గోల అది. ఖమ్మం బస్టాండు దగ్గర ఒకాయన మూత తీసి ఒక చుక్క స్పిరిట్ వేసి, చక్రాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి పదిసార్లు తిప్పి ఇచ్చేవాడు, టీ డబ్బులు తీసుకునేవాడు. అంతే, మళ్లీ ఆర్నెల్లు నిశ్శబ్దం. పాడవడం పాడయ్యేది గానీ మనిషి చేతికి అందేలా పాడయ్యేది.

ఇక ఐపాడ్. చాలామంది ఐపాడ్ చక్రం మొదట్నుంచీ టచ్ అనుకుంటారు, కాదు. 2001 అక్టోబర్లో వచ్చిన మొదటిదానికి చక్రం నిజంగానే గుండ్రంగా తిరిగేది. చక్రం పెడదాం అన్న ఆలోచన ఆపిల్‌లో మార్కెటింగ్ చూసే ఫిల్ షిల్లర్‌ది. తిరిగే వస్తువుకి అంచు చుట్టూ సందు ఉండాలి, సందు ఉంటే దుమ్ము దూరుతుంది, మన ఊళ్లలో అయితే చెప్పనే అక్కర్లేదు. 2002లో రెండోదానికి చక్రాన్ని కదలకుండా బిగించేసి టచ్ చేశారు, చుట్టూ ఉన్న బటన్లు మాత్రం నొక్కేవే ఉంచారు. అక్కడితో ఆగుంటే బాగుండేది. 2003లో మూడోది వచ్చింది, దాంట్లో ఆ నాలుగు బటన్లని కూడా తీసుకెళ్లి స్క్రీన్ కింద వరసగా పెట్టి, వాటినీ టచ్ చేసేశారు. చీకట్లో ఎర్రగా వెలిగేవి, చూడ్డానికి మహా ముచ్చటగా ఉండేవి. కానీ నాలుగూ ఒకేలా నున్నగా ఉంటే ఏది ప్లేనో ఏది నెక్స్టో వేలికి ఎలా తెలుస్తుంది? చూసి ముట్టుకోవాలి. జేబులోంచి తీసి చూసి ముట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకునేదానికి ఇంకెందుకు అంత ఖరీదు పెట్టి కొనడం.

2004 జనవరిలో ఐపాడ్ మినీ తెచ్చినప్పుడు దాని మీద నాలుగు బటన్లు విడిగా పెట్టేంత చోటు లేదు. అందుకని వాటిని చక్రం కిందకే తోసేశారు. పైన వేలు తిప్పితే జాబితా కదులుతుంది, అదే చక్రాన్ని పైనో కిందో పక్కనో నొక్కితే లోపల స్విచ్చి పడుతుంది. క్లిక్ వీల్ అన్నారు. ఇరుకులో పుట్టిన ఉపాయం, ఆ ఏడాది జులైలోనే పెద్ద ఐపాడ్‌కి కూడా అదే పెట్టారు, మా బావ తెచ్చింది కూడా ఆ రకమే. నా లెక్కలో జేబులో పెట్టుకునే ప్లేయర్‌కి ఇంతకంటే మంచి ఏర్పాటు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

ఎందుకంటే ముట్టుకోవడం వేరు, నొక్కడం వేరు. మనం చీకట్లో స్విచ్ బోర్డు కోసం వెతికేటప్పుడు ఏం చేస్తాం, గోడంతా తడుముతాం, బోర్డు అంచు తగులుతుంది, మొదటిది ఫ్యాను, రెండోది లైటు అని లెక్కపెట్టుకుని అప్పుడు వేస్తాం. తడిమినంతసేపూ ఏదీ వెలగదు. టచ్ బోర్డు అయితే తడమడమే వేయడం అయిపోతుంది, లైటు కోసం చెయ్యి పెడితే దారిలో ఉన్న ఫ్యాను, గీజరు అన్నీ ఆన్ అవుతాయి. నా ఇయర్‌బడ్ సంగతి కూడా ఇదే, సర్దుకోవడానికి ముట్టుకున్నాడా పని చెప్పడానికి ముట్టుకున్నాడా అన్న తేడా దానికి తెలీదు. క్లిక్ వీల్‌లో ఆ రెండూ వేరువేరుగా ఉండేవి, వేలు చక్రం మీద ఆనించి కూర్చోబెట్టొచ్చు, నొక్కే దాకా పాట మారదు.

ఒక విషయంలో మాత్రం టచ్‌కి ఓటు వేయాల్సిందే. ఆ ఐపాడ్‌లో నాలుగువేల పాటలు ఎక్కించా (ఎక్కడివి అని అడక్కండి, హాస్టల్ హార్డ్ డిస్కుల పుణ్యం), అక్షరాల వరసలో చివర ఉన్న పాట కావాలంటే వేలితో గిర్రున తిప్పితే ఎంత వేగంగా తిప్పితే అంత వేగంగా జాబితా పరిగెత్తేది, దగ్గరికొచ్చాక మెల్లగా తిప్పితే ఒక్కో పాటా కదిలేది. బటన్ ఒక్కోసారి నొక్కుకుంటూ పోతే ఆ పాట దొరికేలోపు స్టేషన్ వచ్చేస్తుంది. తిప్పుతుంటే టిక్ టిక్ అని చిన్న శబ్దం వచ్చేది చూడండి, అది చక్రం చేసే శబ్దం కానే కాదు, లోపల బుల్లి స్పీకర్ ఒకటి పెట్టి చేయించేవాళ్లు. కదలని వస్తువు కదులుతున్నట్టు వేలిని నమ్మించడానికి చెవికి చెప్పిన అబద్ధం. ఈ సంగతి తెలిశాక కూడా నేను ఆ క్లిక్కర్ సెట్టింగ్ ఆఫ్ చేయలేదు.

ఉద్యోగంలో చేరాక లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో తిరిగేవాణ్ణి. హైటెక్ సిటీ స్టేషన్‌లో జనం ఎక్కాక ఇక చెయ్యి పైకెత్తితే దింపడానికి చోటుండదు, ఒక చెయ్యి పైన కడ్డీకి, ఇంకో చెయ్యి ప్యాంటు జేబులో, బ్యాగు ఎవరి కాళ్ల మధ్యో. జేబులో వేలు చక్రం అంచు పట్టుకుని కుడివైపుకి జరిగి నొక్కితే తర్వాతి పాట, బేగంపేట వచ్చేదాకా అలా ఎన్ని పాటలు మార్చానో, ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. పైన హోల్డ్ స్విచ్చి ఉండేది, జరిపితే నారింజ గీత కనపడేది, అది వేశామంటే పక్కాయన మోచెయ్యి పొడిచినా పాట మారదు.

ఆ ఐపాడ్ ఒకరోజు రైల్లో పైబెర్తు మీంచి కిందపడింది. లోపల తిరిగేది హార్డ్ డిస్కు కదా, పోయింది. చక్రం మాత్రం ఇవాళ్టికీ నొక్కితే బుద్ధిగా క్లిక్ అంటోంది, చెప్పినమాట వినడానికి లోపల ఎవరూ లేరు.

అప్పుడు కొన్నదే కోఠీ టచ్ ప్లేయర్. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ఎవరూ విని ఉండరు. పదిహేను వందలు, నల్లగా అద్దంలా ఉండేది, ముట్టుకోగానే నీలం రంగులో గుర్తులు వెలిగేవి, షాపులో ఏసీ కింద అద్భుతంగా పనిచేసింది. కొన్నది ఏప్రిల్ చివర్లో. మే వచ్చింది. ఈ టచ్ అనేది పనిచేసేది ఎలాగంటే, పైపొర కింద సన్నటి కరెంటు చార్జ్ ఉంటుంది, మన వేలిలో ఉప్పూ నీళ్లూ ఉంటాయి కాబట్టి దగ్గరికి రాగానే ఆ చార్జ్ కొద్దిగా మారుతుంది, దాన్ని చూసి ఇదిగో వేలు వచ్చింది అనుకుంటుంది. మరి చెమట అంటే ఏంటి? ఉప్పూ నీళ్లే. చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో బస్టాపులో నిలబడితే చొక్కా తడిసి, ప్లేయర్‌కి నా ఒళ్లంతా ఒక పెద్ద వేలిలా కనపడేది. పాట మొదలవుతుంది, మారుతుంది, మళ్లీ మారుతుంది, ఉన్నట్టుండి సౌండ్ ఫుల్ అయి చెవులు గుయ్యిమంటాయి, ఆపుదామని తడిచేత్తో ముట్టుకుంటే ఎఫ్ఎం ఆన్ అవుతుంది. లాక్ ఉందిలే అనుకున్నా, దానికి కూడా మూడు సెకన్లు ముట్టుకుని ఉంచాలి, తీయడానికీ అంతే. జేబులో అదే లాక్ వేసుకుని అదే తీసేసుకునేది.

తీసుకెళ్లి షాపులో చూపించా. ఆయన దాన్ని తన చొక్కాకి శుభ్రంగా తుడిచి, ఏసీ కింద పెట్టి నొక్కి చూపించి, "బానే ఉంది కదన్నా, చెయ్యి తుడుచుకుని ముట్టుకోవాలె" అన్నాడు. హైదరాబాద్‌లో మే నెలలో. బస్టాపులో. వారం తర్వాత ఆ ప్లేయర్‌ని డబ్బాలో పడేసి శాన్సా క్లిప్ కొన్నా, ఇంచుమించు అగ్గిపెట్టెంత ఉంటుంది, మధ్యలో గుండ్రటి బటను, పక్కన సౌండ్‌కి వేరే బటన్లు, వెనక చొక్కాకి తగిలించే క్లిప్పు. జేబు లోపల చెయ్యి పెట్టనక్కర్లేదు, చొక్కా గుడ్డ పైనుంచే నొక్కితే పాట మారేది. చెమట అయినా సరే, వానైనా సరే, ముందురోజు రాత్రి తలకి రాసుకున్న కొబ్బరినూనె వేళ్లయినా సరే.

మిగతావాళ్లు కూడా ఇవే తిప్పలు పడ్డారు. 2006లో మైక్రోసాఫ్ట్ వాళ్లు జూన్ (Zune) అనే ప్లేయర్ తెచ్చినప్పుడు దాని ముందు గుండ్రటి చక్రం ఒకటి ఉండేది, ఐపాడ్ అలవాటున అందరూ దాని మీద వేలు తిప్పేవాళ్లు, అది తిరిగేదీ కాదు టచ్చూ కాదు, ఉత్తి నాలుగు దిక్కుల బటన్. మరుసటేడు దాన్ని మార్చి టచ్చూ నొక్కుడూ కలిపి పెట్టారు. ఆపిల్ వాళ్లదైతే ఇంకా చిత్రం, తీసేయడం, తిట్లు తినడం, మళ్లీ పెట్టడం. 2007లో మొదటి ఐపాడ్ టచ్‌కి సౌండ్ బటన్లే లేవు, 2008లో పెట్టారు. 2009లో ఐపాడ్ షఫుల్ అనే బుల్లి ప్లేయర్ ఒంటి మీద ఉన్న బటన్లన్నీ పీకేసి ఇయర్‌ఫోన్ వైరుకి తగిలించారు, ఒకసారి నొక్కితే ఆగడం, రెండుసార్లు నొక్కితే తర్వాతిది, మూడుసార్లు నొక్కితే వెనకది, ఆ ఇయర్‌ఫోన్ పాడైతే మామూలు ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాట మార్చే దారే లేదు. 2010లో బటన్లు తిరిగొచ్చాయి. అదే 2010లో ఐపాడ్ నానో మీద చక్రం పోయి మొత్తం టచ్ స్క్రీన్ అయింది, 2012లో సౌండ్ బటన్ల మధ్యలో ప్లే బటన్ మెల్లగా వచ్చి కూర్చుంది. కొరియా కంపెనీ కోవాన్ వాళ్ల జే3 చూశా ఒక ఫ్రెండ్ దగ్గర, ముందంతా టచ్ స్క్రీనే, కానీ ప్లే, నెక్స్ట్, సౌండ్ అన్నీ పక్కన నిజం బటన్లు. పాట వెతుక్కునేటప్పుడు ఎలాగూ చూస్తాం కదా, దానికి టచ్. వినేటప్పుడు చూడం, దానికి బటన్. ఇంత చిన్న లాజిక్.

చూడం అంటే గుర్తొచ్చింది, మా అమ్మమ్మకి చూపు బాగా తగ్గాక మామయ్య కారవాన్ కొనిచ్చాడు, సరేగమ వాళ్లది, తెలుగు పాటలు ముందే ఎక్కించి ఇస్తారే అది. దానికి ముందు ఫోన్లో పాటలు పెట్టి చూపించాం, ఇలా పైకి జరపాలి అమ్మమ్మా అంటే ఆవిడ గట్టిగా నొక్కి జరిపేది, ఏ పాటో రాకపోగా ఎవరికో వీడియో కాల్ వెళ్లేది. ఆవిడ వేళ్లు ఎండిపోయి గరుగ్గా ఉంటాయి, ఆ అద్దానికి అసలు వేలు వచ్చినట్టే తెలియదు ఒక్కోసారి. కారవాన్‌కి పెద్ద గుండ్రటి నాబ్, తిప్పితే కట్ కట్ అని పళ్లు తగులుతూ తిరుగుతుంది. రెండోరోజుకే ఆవిడ ఏం చేసిందంటే, తన బొట్టుబిళ్లల అట్ట తీసి, ఆన్ చేసే బటన్ మీద ఒక బిళ్ల అతికించుకుంది. టీవీ రిమోట్‌కి కూడా అంతకుముందే సౌండ్ బటన్ మీద ఒకటి ఉంది. తెల్లారుజామున నాలుగింటికి లైటు వేయకుండా మంచం మీంచే చెయ్యి చాపి, బిళ్ల తగిలేదాకా తడిమి, నొక్కి, భక్తి పాటలు వచ్చేదాకా కట్ కట్ మని లెక్కపెట్టుకుంటూ తిప్పేది. ఫోన్ అద్దం మీద బొట్టుబిళ్ల అంటించుకుంటే ఏం లాభం, ఇవాళ అక్కడ ప్లే ఉంటుంది, రేపు అప్‌డేట్ వచ్చాక అక్కడ ఇంకేదో ఉంటుంది.

అయితే ఇయర్‌బడ్స్ దగ్గరికొచ్చేసరికి నా బటన్ల భక్తి కాస్త తగ్గుతుంది, నిజం చెప్పాలి. ఈ టచ్‌వి కొనకముందు బటన్ ఉన్నవి వాడా, పాట మార్చాలని నొక్కిన ప్రతిసారీ ఆ బడ్ చెవి రంధ్రంలోకి దిగబడేది, రోజుకి ఇరవై పాటలు మారిస్తే సాయంత్రానికి చెవి నొప్పి. పైగా బటన్‌కి సందు ఉంటుంది, సందులోంచి చెమటా నీళ్లూ పోతాయి, కదిలేది ఏదైనా అరిగిపోతుంది, కంపెనీలకి టచ్ మీద అంత మోజు ఊరికే రాలేదు. 2019లో ఎయిర్‌పాడ్స్ ప్రోకి ఒక ఉపాయం చేశారు, కిందకి దిగే కాడని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కాలి. కాడ కదలదు, లోపల ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ ఉంటుంది, చెవిలో చిన్న క్లిక్ శబ్దం వినిపిస్తారు, మళ్లీ అదే పాత ఐపాడ్ అబద్ధం. ఆఫీసులో ఒకాయనవి అడిగి పెట్టుకుని చూశా, ముట్టుకుంటే ఏమీ అవదు, నొక్కితేనే అవుతుంది, పిండినట్టు రెండువైపులా నొక్కుతాం కాబట్టి చెవిలోకి దిగబడదు. కదిలే బటన్ లేకపోయినా నాకేం లోటు అనిపించలేదు. అప్పుడర్థమైంది, ఇన్నాళ్లూ నేను తిడుతున్నది టచ్‌ని కాదు, వేలు ఊరికే తగిలినా హుకుం అనుకునే తొందరపాటుని.

నా వాటికి అంత సీన్ లేదు. యాప్ వెతికి, లాగిన్ అడిగితే అయి, సెట్టింగుల్లో మూడో పేజీలో ఉన్న టచ్ కంట్రోల్స్ అన్నది మొత్తం ఆఫ్ చేసేశా. ఇప్పుడు అవి ఉత్తి స్పీకర్లు, పాట మార్చాలంటే ఫోన్ బయటికి తీయాల్సిందే. శాన్సా క్లిప్‌ని చార్జింగ్ పెట్టి చూశా, అరగంటకి నీలం రంగు రింగు వెలిగింది, ఆఖర్న విన్న పాట దగ్గరే ఆగి ఉంది.

ఈ ఆదివారం మళ్లీ అమ్మకి చేశా. చెవి దగ్గరికి చెయ్యి పోనివ్వకుండా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా మాట్లాడుతున్నా, పక్కింటివాళ్ల అమ్మాయి సంబంధం గురించి మంచి రసపట్టులో ఉండగా కాల్ కట్టయింది. నాకు గుండె ఆగినంత పనైంది. నిమిషంలో తనే చేసింది.

"నేనేం నొక్కలేదురా, ఊరికే చెంపకి తగిలింది."